సరఫరా నిలిపివేత వివాదాలు: మధ్యంతర ఇంజంక్షన్, ఖర్చుల పూచీకత్తు

సరకు పంపే కంపెనీ ఇకపై పంపేది లేదని కొనుగోలుదారుకు తేల్చి చెప్పినప్పుడు పుట్టే తగాదాను సరఫరా నిలిపివేత వివాదం అంటారు. బంకుకు పెట్రోలు, మందుల వ్యాపారికి మందులు, విత్తన కంపెనీకి జన్యు సాంకేతికత, డబ్బు పంపే సంస్థకు బ్యాంకు ఖాతా, యాప్ తయారీదారుకు యాప్ స్టోర్‌లో చోటు... ఆగేది ఏదైనా చిక్కు ఒకటే. దావా తేలడానికి ఏళ్లు పడుతుంది, వ్యాపారం వారాల్లో మూతపడుతుంది. అందుకే ఈ కేసుల్లో అసలు పోరు తుది విచారణ దాకా ఆగదు. మొదటి నెలల్లోనే రెండు అర్జీల మీద నడుస్తుంది. కేసు తేలే దాకా సరకు ఆపకుండా మధ్యంతర ఇంజంక్షన్ ఇవ్వమని వాది అడుగుతాడు. రేపు వాది ఓడిపోతే తన కోర్టు ఖర్చులు ఎవరిస్తారని, వాటికి ముందే పూచీకత్తు కట్టించమని ప్రతివాది అడుగుతాడు. మొదటి అర్జీ ఓడితే వాది వ్యాపారం పోవచ్చు. రెండో అర్జీ నెగ్గి, వాది డబ్బు కట్టలేకపోతే కేసే పోతుంది.

చట్టం మామూలుగా సరఫరాదారు వైపు నుంచే ఆలోచన మొదలుపెడుతుంది. ఎవరితో వ్యాపారం చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ ప్రతి వ్యాపారికీ ఉంది. సరఫరాదారు మాట తప్పితే, అదే సరకును బజారులో మరొకరి దగ్గర కొనుక్కుని, ఎక్కువైన ధరను నష్టపరిహారంగా వసూలు చేసుకోమంటుంది. ఈ సూత్రం ఎక్కడ సడలుతుందో చూపించిన తీర్పు 1973 నవంబరులో ఇంగ్లండులో వచ్చింది.

స్కై పెట్రోలియం అనే సంస్థ తన బంకులకు కావలసిన పెట్రోలు, డీజిలు అంతా వీఐపీ పెట్రోలియం దగ్గరే కొనేలా 1970లో పదేళ్ల ఒప్పందం చేసుకుంది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు పెట్టాయి. ధరలు ఎగశాయి, సరకు కరువైంది. సరిగ్గా ఆ రోజుల్లో, స్కై అరువు పరిమితి దాటిందంటూ వీఐపీ ఒప్పందాన్ని రద్దు చేసింది. వేరే కంపెనీకి వెళదామంటే కొత్తవారికి ఇవ్వడానికి ఎవరి దగ్గరా పెట్రోలు లేదు. బజారులో దొరికే మామూలు సరకు విషయంలో ఒప్పందాన్ని తప్పక అమలు చేయమని కోర్టులు ఆదేశించవు. డబ్బుంటే ఆ సరకు ఎక్కడైనా దొరుకుతుందన్నదే అందుకు కారణం. ఇక్కడ డబ్బున్నా సరకు దొరకదు కాబట్టి ఆ కారణం నిలవదని జస్టిస్ గోల్డింగ్ గుర్తించారు, ఇంజంక్షన్ ఇచ్చారు. పేరుకు ‘ఆపవద్దు’ అన్న ఉత్తర్వే అయినా, ఆచరణలో అది ‘పంపాలి’ అని ఆదేశించినట్టేనని కూడా ఆయన దాచలేదు.

రెండేళ్లు తిరక్కుండానే, 1975లో, శస్త్రచికిత్సలో వాడే కుట్టుదారాల పేటెంటు గురించి వచ్చిన అమెరికన్ సయనమైడ్ కేసులో లార్డ్ డిప్లాక్ మధ్యంతర ఇంజంక్షన్లకు వరస ఏర్పరచారు. విచారించదగిన గట్టి ప్రశ్న ఉందా? తర్వాత ఇచ్చే నష్టపరిహారం వాదికి సరిపోతుందా? సరిపోకపోతే, ఇంజంక్షన్ వల్ల ప్రతివాదికి కలిగే నష్టాన్ని వాది పూడ్చగలడా? అప్పటికీ తేలకపోతే సౌలభ్యాసౌలభ్యాల మొగ్గు ఎటు ఉంది? కామన్‌వెల్త్ దేశాల కోర్టుల్లో చాలావరకు ఈ ప్రశ్నలే, చిన్న చిన్న తేడాలతో, నేటికీ వినిపిస్తాయి.

ఆ వరసలో రెండో ప్రశ్న ఎంత కఠినమైనదో వెన్న వ్యాపారం చేసే ఒక చిన్న కంపెనీకి తెలిసివచ్చింది. గార్డెన్ కాటేజ్ ఫుడ్స్ అనే ఆ కంపెనీ బ్రిటన్ పాల మార్కెటింగ్ బోర్డు దగ్గర టోకున వెన్న కొని విదేశాలకు అమ్మేది. 1982లో బోర్డు తన పద్ధతి మార్చింది. ఇకపై నలుగురు పంపిణీదారులకే అమ్ముతామని, మిగిలినవారు వాళ్ల దగ్గర కొనుక్కోవాలని చెప్పింది. ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయకూడదన్న ఐరోపా ఒప్పంద నిబంధనకు ఇది విరుద్ధమంటూ కంపెనీ కోర్టుకెక్కింది. మొదటి కోర్టు ఇంజంక్షన్ ఇవ్వలేదు. లార్డ్ డెనింగ్ ఉన్న అప్పీలు కోర్టు ఇచ్చింది. 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని కొట్టేసింది. వెన్న దొరకకుండా పోలేదు, మధ్యవర్తి దగ్గర కొంటే లాభం తగ్గుతుందంతే, తగ్గిన లాభాన్ని లెక్క కట్టి ఇప్పించవచ్చు అన్నది లార్డ్ డిప్లాక్ తర్కం. లార్డ్ విల్బర్‌ఫోర్స్ ఒక్కరే దీనితో విభేదించారు. చిన్న వ్యాపారి నిలిచి కొట్లాడే శక్తిని ఆ తీర్పు ఎక్కువగా అంచనా వేసిందనిపిస్తుంది. లాభం సన్నగిల్లిన కంపెనీ, ఆ లాభం తిరిగొచ్చే తీర్పు దాకా బతికి ఉండాలి కదా. అయినా స్కై కేసుకూ దీనికీ మధ్య తేడా మాత్రం స్పష్టం. కోర్టు చూసేది నష్టం ఎంత పెద్దదన్నది కాదు, మరో దారి ఉందా లేదా అన్నది.

కెమిస్ట్రీ హోమ్‌కేర్ అనే మందుల సంస్థ 2013లో లార్డ్ డిప్లాక్ వరసలోని మొదటి ప్రశ్న దగ్గరే ఓడింది. హెచ్‌ఐవీ చికిత్సలో వాడే కలెట్రా మందును అబ్‌వీ కంపెనీ దగ్గర కొని, ఇళ్లకు మందులు చేర్చే పనితో పాటు టోకు వ్యాపారం కూడా చేసేది. ఇళ్ల దగ్గర చికిత్స పొందే రోగులకు అవసరమైనంతే ఇస్తామని అబ్‌వీ చెప్పింది. జస్టిస్ రోత్ ఇంజంక్షన్ నిరాకరించారు, అప్పీలు కోర్టు సమర్థించింది. ఒకే ఒక్క మందును ఒక మార్కెట్‌గా చూపి ఆధిపత్యం అంటే సరిపోదు, మధ్యంతర దశలోనైనా దానికి ఆర్థిక విశ్లేషణతో కూడిన సాక్ష్యం కావాలన్నది ఆ కేసు సారం. పోటీ చట్టం మీద ఆధారపడే ప్రతి వాదీ గుర్తుంచుకోవలసిన మాట ఇది.

అదే ఏడాది నవంబరులో సోమాలియాకు డబ్బు పంపే దహాబ్‌షీల్ సంస్థ మాత్రం నెగ్గింది. మనీలాండరింగ్ భయంతో బార్క్లేస్ బ్యాంకు ఇలాంటి అనేక సంస్థల ఖాతాలు మూసేస్తూ వచ్చింది. బ్యాంకింగ్ వ్యవస్థ కుప్పకూలిన దేశంలో, వలస వెళ్లినవారు పంపే సొమ్ము మీదే లెక్కలేనన్ని కుటుంబాలు బతుకుతున్నాయి. విచారణ దాకా సేవలు కొనసాగించాలని జస్టిస్ హెండర్సన్ ఆదేశించారు. 2014లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. తుది తీర్పు రానే లేదు, అయినా ఉత్తర్వు తన పని చేసింది: ఖాతా మూతపడకముందే మాట్లాడుకునేందుకు సమయం దొరికింది.

ఐరోపాలో ఈ అధికారం కోర్టులకే కాక ఐరోపా కమిషన్‌కూ ఉంది. హాసెల్‌బ్లాడ్ కెమెరాలు ఇవ్వడం ఆపేశారని కెమెరా కేర్ అనే దుకాణం ఫిర్యాదు చేసినప్పుడు, మధ్యంతర చర్య తీసుకునే అధికారం తనకు లేదంది కమిషన్. ఉందని 1980 జనవరిలో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. 2003 నాటి నిబంధనావళి 8వ అధికరణలో అది రాతపూర్వకమైంది కూడా. ఆ అధికారం ఎంత పెళుసైనదో ఐఎంఎస్ హెల్త్ కేసు చెబుతుంది. జర్మనీ మందుల అమ్మకాల లెక్కలను 1,860 ప్రాంతాలుగా విభజించిన నమూనాను పోటీదారులకు లైసెన్సు ఇవ్వాలని 2001 జులైలో కమిషన్ ఆదేశిస్తే, కొద్ది నెలల్లోనే కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. ఆ తర్వాత 2019 దాకా కమిషన్ మళ్లీ మధ్యంతర ఉత్తర్వు జోలికి పోలేదు.

అమెరికాలో 1970 నాటి సెమ్స్ మోటార్స్ కేసు డీలర్లకు బలమైన ఆసరా. ఇరవై ఏళ్లుగా ఫోర్డ్ కార్లు అమ్ముతున్న కుటుంబ సంస్థ డీలర్‌షిప్ పోతే, ఆ నష్టమంతా డబ్బులో కొలవలేమని జడ్జి ఫ్రెండ్లీ అన్నారు. వాళ్లు అడుగుతున్నది కార్ల వ్యాపారం చేసుకోనివ్వమని, పరిహారం మీద కూర్చుని తినడానికి కాదన్నది ఆయన దృష్టి. అయితే తన చేతులారా తెచ్చుకున్న కష్టానికి అక్కడ రక్షణ లేదు. 2020 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ ఆపిల్ నిబంధనలు తెలిసే ఉల్లంఘించడంతో ఫోర్ట్‌నైట్ ఆట యాప్ స్టోర్ నుంచి తొలగిపోయింది. దాన్ని తిరిగి పెట్టించడానికి జడ్జి గొంజాలెజ్ రోజర్స్ ఒప్పుకోలేదు. వేరే ఎందరో డెవలపర్లు ఆధారపడ్డ, ఎపిక్‌కే చెందిన అన్‌రియల్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రక్షణ ఇచ్చారు.

ఇంజంక్షన్‌కు చెల్లించే ధర

మధ్యంతర ఇంజంక్షన్ ఊరికే రాదు. కేసు చివరికి ఓడిపోతే, ఈలోగా ప్రతివాదికి కలిగిన నష్టం భరిస్తానని వాది కోర్టుకు హామీ ఇవ్వాలి. ఇంగ్లండులో ఇది దాదాపు తప్పనిసరి. వాది ఆస్తి చాలదనిపిస్తే ఆ హామీని బ్యాంకు గ్యారంటీతోనో, కోర్టులో డిపాజిట్‌తోనో బలపరచమంటారు. ఎంత అడగాలి, ఏ ఆధారంతో అడగాలి అన్నది 2014లో మలాబు ఆయిల్ కేసులో అప్పీలు కోర్టు వివరించింది: నష్టాన్ని తెలివైన అంచనాతో చూపగలగాలి, ఆ నష్టం వచ్చే ముప్పు నిజంగా ఉందని చూపాలి, అది ఇంజంక్షన్ వల్లే వచ్చేదై ఉండాలి. అమెరికా ఫెడరల్ నిబంధనలు 65(సి)లోనూ ఇలాంటి పూచీకత్తే ఉంది. బ్రిటన్ పోటీ అప్పీలు ట్రైబ్యునల్ మాత్రం 2015 నుంచి త్వరిత విచారణ పద్ధతిలో వచ్చే చిన్న వ్యాపారులకు ఈ హామీపై పరిమితి పెట్టవచ్చు, పూర్తిగా మాఫీ చేయనూ వచ్చు. చేతిలో సొమ్ములేని వ్యాపారికి కోర్టు తలుపు తెరిచి ఉంచాలంటే ఇలాంటి ఏర్పాటు తప్పదు. అది మిగతా దేశాలూ తీసుకోదగినది.

ఖర్చుల పూచీకత్తు దీనికి వేరు. హామీ అన్నది ఇంజంక్షన్ కోరిన వాడు స్వయంగా చెల్లించే ధర. పూచీకత్తు ప్రతివాది అడిగి కట్టించే మొత్తం, ఇంజంక్షన్ అడగకపోయినా రావచ్చు. ఓడినవాడు గెలిచినవాడి లాయరు ఖర్చు భరించే ఇంగ్లండు పద్ధతిలో దీనికి ప్రాణం ఎక్కువ. వాది కంపెనీ అయ్యి, ఓడితే ఖర్చులు కట్టలేకపోతుందని నమ్మడానికి కారణం ఉంటే, అక్కడి సివిల్ ప్రొసీజర్ రూల్స్ 25వ భాగం కింద కోర్టు పూచీకత్తు కట్టించవచ్చు. పేదరికం ఒక్కటే కారణంగా మామూలు మనిషిని ఇలా ఆపరు. పరిమిత బాధ్యత కవచం ఉన్న కంపెనీకి ఆ మినహాయింపు లేదు.

సరఫరా కేసుల్లో ఇక్కడే అసలైన అన్యాయం దాగి ఉంటుంది. సరకు ఆపింది ప్రతివాది. ఆగినందుకు వాది ఖాతా ఎండిపోయింది. ఇప్పుడు ఆ ఎండిన ఖాతానే చూపి, వీళ్లు ఖర్చులు కట్టలేరు, పూచీకత్తు ఇప్పించండి అంటాడు ప్రతివాది. ఈ ఎత్తును లార్డ్ డెనింగ్ 1973లోనే పసిగట్టారు. సర్ లిండ్సే పార్కిన్సన్, ట్రిప్లన్ సంస్థల మధ్య కేసులో పూచీకత్తుకు ముందు చూడవలసిన సంగతులు చెబుతూ, వాదిలో నిజాయితీ ఉందా, గెలిచే అవకాశం ఉందా అన్నవాటితో పాటు, న్యాయమైన దావాను నొక్కేయడానికే ఈ అర్జీ వేశారా, వాదికి డబ్బు లేకపోవడానికి ప్రతివాది చేష్టలే కారణమా అని కూడా చూడాలన్నారు. ఈ చివరి ప్రశ్నే సరఫరా కేసుల్లో మొదట అడగవలసినది.

అయితే ఆ మాట అనగానే పని జరగదు. 1995లో వెలువడిన కియరీ డెవలప్‌మెంట్స్ తీర్పులో జస్టిస్ పీటర్ గిబ్సన్ బరువును వాది వైపు ఉంచారు. పూచీకత్తు వల్ల కేసు ఆగిపోతుందని ఊరికే అంటే చాలదు. కంపెనీ దగ్గరే కాదు, దాని డైరెక్టర్లు, వాటాదారులు, అప్పులిచ్చేవాళ్ల దగ్గర నుంచి కూడా సొమ్ము రాదని లెక్కలతో చూపాలి. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు గోల్డ్‌ట్రయిల్ కేసులో అప్పీలు షరతుల విషయంలోనూ ఇదే దారిలో నడిచింది: యజమాని డబ్బు కంపెనీకి నిజంగా అందుబాటులో ఉందా అన్నదే కొలమానం.

డీలర్లకు పనికొచ్చే మరో మినహాయింపు ఉంది. చాలా కేసుల్లో సరఫరాదారే పాత బాకీ కోసం ముందు దావా వేస్తాడు, డీలరు సరకు ఆపిన నష్టానికి ఎదురు దావా వేస్తాడు. రెండింట్లోనూ తేలవలసిన విషయాలు ఒకటే అయినప్పుడు, వాటిలో ఒకదానికి పూచీకత్తు కట్టించడం సాధారణంగా సరికాదని 1990లో క్రాబ్‌ట్రీ కేసులో అప్పీలు కోర్టు అంది. ఒకటి ఆగినా అవే వాస్తవాలు రెండో దానిలో ఎలాగూ విచారణకు వస్తాయి కాబట్టి.

మన దేశంలో

సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 1, 2 నిబంధనలు మధ్యంతర ఇంజంక్షన్‌కు ఆధారం. ప్రాథమికంగా కేసు ఉండాలి, సౌలభ్యాసౌలభ్యాల మొగ్గు వాది వైపు ఉండాలి, పూడ్చలేని నష్టం జరిగేలా ఉండాలి అన్న మూడు కొలతలను సుప్రీంకోర్టు దల్పత్ కుమార్ కేసులో స్థిరపరచింది. ‘ఆపవద్దు’ కాక ‘మళ్లీ పంపు’ అన్న ఆదేశం కావాలంటే కొలత ఇంకా ఎత్తు అని 1990లో దొరాబ్ కావస్జీ వార్డెన్ కేసు చెప్పింది. ఎదుటివారిని వినకుండా ఇచ్చిన ఉత్తర్వును 30 రోజుల్లోగా తేల్చే ప్రయత్నం చేయాలని 3ఎ నిబంధన అంటుంది. వాణిజ్య కోర్టుకు వెళ్లేముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అయినా, అత్యవసర మధ్యంతర ఉపశమనం కోరే దావాలకు ఆ నియమం వర్తించదు. కేవలం మధ్యవర్తిత్వాన్ని తప్పించుకోవడానికి అత్యవసరమని రాయడం చెల్లదని సుప్రీంకోర్టు 2023లో యామినీ మనోహర్ కేసులో హెచ్చరించింది.

మన డీలర్లకు పెద్ద అడ్డంకి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం. నోటీసుతో ముగించదగిన ఒప్పందాన్ని తప్పక అమలు చేయమనడం కుదరదని 14వ సెక్షను, అలాంటి ఒప్పంద భంగాన్ని ఇంజంక్షన్‌తో ఆపలేరని 41వ సెక్షను చెబుతాయి. ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో వంటగ్యాస్ డీలర్‌షిప్‌ను తిరిగి ఇప్పించిన ఆర్బిట్రేషన్ తీర్పును సుప్రీంకోర్టు ఈ కారణంతోనే తప్పుపట్టింది. ఒప్పందంలో 30 రోజుల నోటీసు నిబంధన ఉంది కనుక, 30 రోజుల రాబడి మాత్రమే పరిహారంగా దక్కింది. రద్దు తప్పే అయినా డీలరుకు మిగిలింది ఒక నెల ఆదాయం. 2018 సవరణ ఒప్పందాల అమలును సులభం చేసినా, ముగించదగిన ఒప్పందాల మినహాయింపును అలాగే ఉంచింది. డీలర్‌షిప్ పత్రం మీద సంతకం పెట్టేముందు చూడవలసింది కమిషన్ శాతం కన్నా ముందు రద్దు నిబంధననే.

తెలుగు నేలకు బాగా దగ్గరైన కేసు బీటీ పత్తిది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, మహికో మోన్‌శాంటో బయోటెక్ వసూలు చేస్తున్న ట్రెయిట్ ఫీజుపై (విత్తనంలోని జన్యు లక్షణానికి తీసుకునే రుసుముపై) గుత్తాధిపత్యాలను అదుపు చేసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది. 450 గ్రాముల పాకెట్టు మీద 1,250 రూపాయలు ఫీజుగానే పోయేది. ఫీజు తగ్గించాలని ఆ ఏడాది మేలో కమిషన్ మధ్యంతరంగా ఆదేశించింది, రాష్ట్రం పాకెట్టు ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. అది ధర తగాదా. నిలిపివేత తగాదా 2015 నవంబరులో వచ్చింది. హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్, ప్రభుత్వాలు పెట్టిన ధరల పరిమితికి తగ్గట్టు ఫీజు తగ్గించమంటే, బాకీలు చెల్లించలేదంటూ మోన్‌శాంటో పక్షం ఉపలైసెన్సు రద్దు చేసి, పేటెంటు ఉల్లంఘన దావా వేసింది. ఢిల్లీ హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం 2017 మార్చిలో రద్దు ప్రాథమికంగా చెల్లదని, దావా తేలే దాకా ఇరుపక్షాలూ ఒప్పందం ప్రకారం నడుచుకోవాలని, ఫీజు ప్రభుత్వ ధర ప్రకారమే ఉండాలని ఆదేశించింది. 2018లో డివిజన్ బెంచి ఏకంగా పేటెంటునే కొట్టేసింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పు తీసేసి, ఏక సభ్య ధర్మాసనం ఉత్తర్వును నిలబెట్టి, విచారణకు తిప్పి పంపింది. 2021లో రాజీ కుదిరింది. సాంకేతికత అందాలి, దానికి న్యాయమైన ధర కూడా చెల్లించాలి: రెండు వైపులా బాధ్యత పెట్టిన ఆ 2017 ఉత్తర్వు మధ్యంతర న్యాయానికి మంచి నమూనా.

పోటీ చట్టం 33వ సెక్షను కింద కాంపిటీషన్ కమిషన్ కూడా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగలదు. కానీ దాన్ని అరుదుగా, బలమైన కారణాలతోనే వాడాలని 2010లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ కట్టుబాటు ఎలా ఉంటుందో 2024 మార్చి చూపింది. గూగుల్ ప్లే స్టోర్ రుసుము వివాదంలో మద్రాసు హైకోర్టు, ఇది కమిషన్ పరిధిలోదంటూ అంకుర సంస్థల దావాలను తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు మధ్యంతర రక్షణ ఇవ్వలేదు. మార్చి 1న గూగుల్ భారత్ మ్యాట్రిమోనీ, షాదీ వంటి యాప్‌లను తొలగించింది. మార్చి 15న కమిషన్ విచారణకు ఆదేశించింది కానీ, 20న మధ్యంతర ఉపశమనం నిరాకరించింది. యాప్‌లు తిరిగి వచ్చింది ఏ కోర్టు ఉత్తర్వుతోనూ కాదు, కేంద్ర ప్రభుత్వం జోక్యంతో.

ఖర్చుల పూచీకత్తుకు మన కోడ్‌లో 25వ ఆర్డరు ఉంది. ఏ దశలోనైనా, కారణాలు రాసి, వాదితో పూచీకత్తు కట్టించవచ్చు. వాది విదేశంలో ఉండి, దావా ఆస్తి కాక ఇక్కడ చాలినంత స్థిరాస్తి లేకపోతే కట్టించడం తప్పనిసరి. గడువులోగా కట్టకపోతే దావా కొట్టేస్తారు. అమెరికాలో ఉంటూ ఇక్కడి కంపెనీ మీద దావా వేసే తెలుగువారు దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. మన కోర్టులు ఇప్పించే ఖర్చులు వాస్తవ ఖర్చుల్లో చిన్న భాగమే కావడంతో ఈ ఆర్డరు స్థానిక కేసుల్లో అంతగా కనపడదు. 2015 వాణిజ్య కోర్టుల చట్టం ఓడినవారు ఖర్చులు భరించాలన్న నియమాన్ని బలపరచింది కాబట్టి, పెద్ద కేసుల్లో దీని అవసరం పెరుగుతుంది.

మన చట్టంలో బలహీనమైన చోటు మాత్రం వేరే ఉంది. తగిన కారణం లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకున్నవారి నుంచి ఇప్పించే పరిహారానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 95వ సెక్షను పెట్టిన గరిష్ఠ పరిమితి 50 వేల రూపాయలు. కోట్ల సరకు తగాదాలో అది ఎవరినీ రక్షించదు. అందువల్ల ఇంజంక్షన్ ఇచ్చేటప్పుడే 39వ ఆర్డరు కింద షరతులు పెట్టాలి: లెక్కలు రాయడం, ముందుగా డబ్బు కట్టి సరకు తీసుకోవడం, తగిన పూచీకత్తు. వాది నుంచి నష్టపరిహార హామీ తీసుకోవచ్చని గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అధికారాన్ని జిల్లా కోర్టులు విరివిగా వాడాలి, పార్లమెంటు ఆ 50 వేల పరిమితిని సవరించాలి.

నిలిపివేత ఉత్తరం అందిన వ్యాపారి చేయవలసింది ఇది: ఒప్పందం, చివరి మూడేళ్ల ఇన్‌వాయిసులు, బాకీల లెక్క, నిల్వ ఎన్నాళ్లు వస్తుందో చూపే పట్టీ, ఇతర సరఫరాదారులు కాదన్న ఉత్తరాలు వెంటనే సిద్ధం చేసుకోవాలి. ఆర్బిట్రేషన్ నిబంధన ఉంటే ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షను కింద అర్జీ వేయాలి. ఉత్తర్వు వచ్చాక 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. ఆరు నెలలు ఊరుకుని వచ్చి అత్యవసరమంటే ఏ జడ్జీ నమ్మరు.